ఊ కొట్టని బుర్రిగాడు

తుమ్మలకొండ అడవిలో ఎలుగుబంట్లు, జింకలు, ముళ్ళపందులు, రకరకాల పిట్టలు ఉండేవి. అన్నింటి గురించీ చెబుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మన కథ ఒక ఎలుగుపిల్ల గురించి. వాడి పేరు బుర్రిగాడు. అడవంతటికీ సరిపడా అల్లరి వాడొక్కడిదే.

ఎలుగుబంట్లు రాత్రంతా తిండికోసం తిరిగి, తెల్లవారాక గుహలో పడుకుంటాయి. బుర్రిగాడి తల్లి కాటుకమ్మ కూడా పొద్దు పొడవగానే వచ్చి నడుం వాల్చబోయేది. వాల్చనిస్తేగా వీడు!

"అమ్మా, దాహం!" నీళ్ళు తాగించింది.

"అమ్మా, వీపు దురద!" గోకింది.

"అమ్మా, చీమలకు నిద్ర వస్తుందా?"

"వస్తుందిరా నాయనా! చీమలకూ వస్తుంది, దోమలకూ వస్తుంది, నీకే రాదు!" అని కాటుకమ్మ నెత్తి కొట్టుకుంది.

కథ చెబితే పిల్లలు పడుకుంటారని ఎవరో అన్నారు. సరే, అదీ చూద్దామని మొదలుపెట్టింది. "అనగనగా ఒక తేనెపట్టు..." అనగానే ఆమె రెప్పలే వాలిపోయాయి. బుర్రిగాడు ఊరుకున్నాడా? తల్లి రెప్పను గోటితో పైకెత్తి, "తర్వాతేమైంది?" అన్నాడు.

"తర్వాత... తేనెపట్టుకు జలుబు చేసింది..." అని గొణిగింది పాపం. తేనెపట్టుకు జలుబేమిటి, నా తలకాయ! నిద్ర చాలక ఆమె బుర్ర అలా తయారైంది.

నవ్వకండి. తల్లి ఎలుగు పిల్లను వీపున ఎక్కించుకునే తిరుగుతుంది. కిందటి రాత్రి తేనెకోసం కొండబండ ఎక్కుతూ కాటుకమ్మ మధ్యలో కునికింది. పట్టు జారింది. అదృష్టం బాగుండి ఒక చెట్టువేరు చేతికి దొరికింది. లేకపోతే తల్లీ పిల్లా లోయలో పడేవారు. ఇవాళా నిద్ర లేకపోతే బండ ఎక్కే ఓపిక ఉండదు. ఎక్కకపోతే ఇద్దరికీ పస్తే.

అందుకని గోరువంక గొప్పన్నను పిలిచింది. అడవిలో కథలంటే గొప్పన్నవే కథలని పేరు. ఆ పేరు తెచ్చింది ఇంకెవరో కాదు, గొప్పన్నే.

"అన్నా, వీణ్ణి కాస్త నిద్రపుచ్చు. నీకు పుణ్యముంటుంది."

"నా కథకు ఊ కొట్టనివాడు ఈ అడవిలో ఇంకా పుట్టలేదు చెల్లీ!" అని గొప్పన్న తోక విదిలించాడు.

"ఊ కొట్టడం కాదన్నా, నిద్ర..." అనబోయింది. వింటేగా!

పక్క గుహలో ముసలి ముళ్ళపంది సూదవ్వ ఉండేది. ఆమె తల బయటపెట్టి, "అబ్బాయ్, పిల్లాడు ఊ కొట్టడం మానేస్తే లేపకురోయ్," అంది.

"ఊ లేని కథ ఉప్పు లేని పప్పు! నీకేం తెలుసు ముసలమ్మా?" అని గొప్పన్న కసిరాడు.

కథ మొదలైంది. పులి గర్జించింది, పాము బుస కొట్టింది, రెంటికీ పోట్లాట. బుర్రిగాడు కళ్ళింత చేసుకుని "ఊ! ఊ!" అన్నాడు. ఎంత అల్లరివాడైనా రాత్రంతా తిరిగొచ్చిన ఒళ్ళు కదా, చివరికి అలిసింది. ఊ చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఆగిపోయింది. కళ్ళు మూతపడ్డాయి. హమ్మయ్య అనుకుని కాటుకమ్మ చప్పుడు కాకుండా పక్కకు ఒరిగింది.

"ఏరా! ఊ కొట్టవేం?" గొప్పన్న ముక్కుతో వాడి చెవి మీద పొడిచాడు. "ఎక్కడిదాకా చెప్పాను? చెప్పు చూద్దాం!"

బుర్రిగాడు ఉలిక్కిపడి లేచాడు. "మర్చిపోయాను మామా! మొదటినుంచీ చెప్పు!"

చెప్పాడు! మళ్ళీ పులి, మళ్ళీ పాము. మళ్ళీ వాడి కళ్ళు మూతపడ్డాయి, మళ్ళీ పొడిచాడు. చెబుతున్న నాకే ఒళ్ళు మండిపోతోంది, ఆ తల్లికెలా ఉంటుంది? కాటుకమ్మ ఒక్క ఉదుటున లేచి పంజా విసిరింది. గొప్పన్న ఎగిరిపోయాడు. తోక మాత్రం ఆమె గోళ్ళలో ఉండిపోయింది.

బుర్రిగాడు ఏడుపు లంకించుకున్నాడు. కాటుకమ్మకూ ఏడుపొచ్చేసింది. "అవ్వా, నావల్ల కాదిక. ఇవాళ బండ ఎక్కితే పడి చస్తాను," అంది.

సూదవ్వ వచ్చి ఎడంగా కూర్చుంది. "ఈ ముళ్ళతో నేను జోకొట్టలేనే అమ్మాయ్. మాట ఒక్కటే ఉంది నా దగ్గర," అని మొదలుపెట్టింది.

"అనగనగా ఒక అవ్వ దుంప తవ్వడానికి పోయింది. దారిలో చింతచెట్టు వచ్చింది. చెట్టుకింద నీడ. ఆ నీడలో కాసేపు కూర్చుంది. లేచి నడిచింది. మద్దిచెట్టు వచ్చింది..."

"పులి రాలేదా?" అన్నాడు బుర్రిగాడు.

"పులి పడుకుంది నాయనా. మద్దిచెట్టు కింద నీడ. ఆ నీడలో కాసేపు కూర్చుంది..."

"ఊ," అన్నాడు వాడు. వాడి ఊ తగ్గినకొద్దీ సూదవ్వ గొంతూ తగ్గింది. నేరేడుచెట్టు దగ్గర వాడి ఊ ఆగిపోయింది. సూదవ్వ ఆపలేదు. వాడి ఊ తనే కొట్టుకుంటూ, ఇంకో రెండు చెట్ల దాకా అవ్వను నడిపించింది. చటుక్కున ఆపితే ఆ నిశ్శబ్దానికే పిల్లలు లేస్తారని ఆమెకు తెలుసు. అప్పటికి కాటుకమ్మ కూడా గురక పెడుతోంది.

తప్పు పట్టాలని గొప్పన్న గుహ ముందరి చెట్టు పైకొమ్మ మీద కూర్చుని అంతా వింటున్నాడు. "పులి లేదు, పోట్లాట లేదు, ఇదీ ఒక కథేనా?" అనుకుంటూనే ఆవలించాడు. తల వాల్చాడు. తోక లేదు కదా, నిలదొక్కుకోలేక దబ్బున రేగుకంపలో పడ్డాడు. కేకపెట్టబోయేసరికి సూదవ్వ ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని అతనివైపు తిరిగింది. నోరు మూసుకున్నాడు.

సాయంత్రం కాటుకమ్మ నిద్రలేచింది. ఒళ్ళు తేలికగా ఉంది. పిల్లను వీపున వేసుకుని, పట్టు తప్పకుండా బండ ఎక్కి, తేనెపట్టు దించింది. అందులో పెద్ద ముక్క సూదవ్వకు తెచ్చిపెట్టింది.

"అవ్వా, ఇంతకీ ఆ అవ్వకు దుంప దొరికిందా?"

"ఏమోనే అమ్మాయ్," అంది సూదవ్వ తేనె నాకుతూ. "నా పిల్లలందరికీ ఇదే కథ చెప్పాను. దుంప దాకా ఎప్పుడూ పోనేలేదు."

నీతి: నిద్రపుచ్చే కథకు పిల్లవాడి నిద్రే మెప్పు. ఊ ఆగిందని లేపేవాడు కథ చెప్పేది పిల్లవాడి కోసం కాదు, తన గొప్ప కోసం.