నలభై బారల మోకు

అనగనగా ఒక కొండ. మబ్బులు కూడా సగం దారిలో కూర్చుని అలుపు తీర్చుకునేంత కొండ. దాని కింద ఏటా పున్నమికి ముందు పది రోజులు వేలం జరిగేది. కొండెక్కి దిగినవాళ్ల గుడారాలు, గొంగళ్లు, నీటితిత్తులు, మోకులు, వాడి వాడి విసిగినవీ, కొని వద్దని తిరిగి ఇచ్చేసినవీ అన్నీ అక్కడికే చేరేవి.

ఆ వేలానికి ఒకటే కట్టుబాటు. అడిగినదానికి అమ్మేవాళ్లు అబద్ధం చెప్పకూడదు. అడగనిది చెప్పనక్కర్లేదు. పోనీ అడుగుదామా అంటే, పొడవెంత అని తప్ప ఇంకేం అడిగినా మర్యాద కాదు! గుడారానికి చిల్లుందా అని అడిగితే అమ్మేవాళ్ల మనసు నొచ్చుకుంటుందట. వానకు నానేది మాత్రం కొన్నవాళ్ల నెత్తి.

తేనె తీసి బతికే చెంగల్వ ఆ వేలంలో నలభై బారల మోకు కొంది. ఎర్రగా, నునుపుగా, ముద్దొచ్చేలా ఉంది. పున్నమి దాటకుండా కొండ మీంచి మోకు దించినవారికే ఆ ఏడు తేనెపట్లుండే తేనెబండ దక్కుతుంది. దించకపోతే బండ ఇంకొకరిది, చెంగల్వ పొయ్యిలో పిల్లి పడుకుంటుంది.

ఆమె మోకును ఒక రాతికొనకు కట్టి, మనిషెత్తున వేలాడి చూసుకుంది. మోకు పటపటమని ఒకచోట సగం తెగి సాగింది. చెంగల్వ తుప్పల్లో పడింది.

"తేనె దొరికిందా అమ్మా?" అని నవ్వింది ఆమె కంచరగాడిద.

చెంగల్వ లేచి, వదులైన చోట గీకి చూసింది. పైన ఎర్రరంగు. రంగు కింద మైనం. మైనం కింద బిగించి చుట్టిన జనపదారం. దారం కింద మూరెడు మేర నల్లగా కుళ్లిన పీచు.

మూడు చేతులు. ఒకరు దారం చుట్టి అమ్మేశారు. కొన్నవారు లోపం కనిపెట్టి, మైనం రాసి అమ్మేశారు. ఆ తర్వాతివారు రంగు పూసి అమ్మేశారు. ముగ్గురూ చెడ్డవాళ్లేం కారు. తాము పడకుండా బయటపడితే చాలనుకున్నారు, అంతే.

"నాలుగో చెయ్యి నీదే," అంది గాడిద. "పసుపు పూయి. పెళ్లికూతురిలా ఉంటుంది."

 చెంగల్వ దారం మళ్లీ చుట్టింది, మైనం రాసింది, రంగు పూసింది. ఇది అమ్ముడుపోతేనే ఇంకో మోకు కొనగలదు. పున్నమికి రెండు రోజులే ఉన్నాయి.

మర్నాడు వేలంలో మోకు పెట్టింది. గుడారాల సింగన్న వచ్చి, "పొడవెంత?" అన్నాడు. "నలభై బారలు," అంది. గొర్రెల గంగులు వచ్చి, "పొడవెంత?" అన్నాడు. "నలభై బారలు." మూలికలు ఏరుకునే ముసలి దోనయ్య వచ్చి, "పొడవెంత తల్లీ?" అన్నాడు. "నలభై బారలు." మూడుసార్లూ నిజమే చెప్పింది.

పాటలో దోనయ్యదే పైచేయి అయింది. "మా ఆవిడ దగ్గుకు నడిబండ మీది వేరు కావాలమ్మా. దీంతో సరిగ్గా అందుతుంది," అంటూ మురిసిపోయి మోకును నడుముకు చుట్టి చూసుకున్నాడు. కొత్తగా రంగు పూసిన చోటు సరిగ్గా అతని గుప్పిట్లోకి వచ్చింది.

"తాతా, ఇంకొక్కటి అడుగు," అంది చెంగల్వ.

"ఏం అడగాలి?"

"ఇది నన్ను మోసిందా అని అడుగు."

దోనయ్య నొచ్చుకున్నాడు. "ఛ ఛ, అలా అడగకూడదు కదమ్మా!"

"నీ కాళ్లకు దండం పెడతాను. అడుగు."

"...మోసిందా?"

"మొయ్యలేదు తాతా. పడేసింది."

సంతంతా గొల్లున నవ్వింది. "తేనె ఎక్కువైందర్రా దీనికి!" అన్నాడొకడు. "చేతికొచ్చిన పాట చెడగొట్టుకున్నావే! ఇక నీ బండ గతేంటి?" అని వేలం పెద్ద అరిచాడు. చెంగల్వ కొడవలితో ఆ మూరెడూ కోసి, పొరలన్నీ విప్పి అందరి ముందూ ఎత్తి పట్టుకుంది. "పై పూత నాదే. నేనూ దాచాను," అంది.

నవ్వులు ఆగిపోయాయి. సింగన్న దగ్గరికొచ్చి చూసి తల దించుకున్నాడు. "మొదట చుట్టిన దారం నాది," అన్నాడు. "మైనం నాది," అన్నాడు గంగులు. మూడోవాడు పలకలేదు కానీ, వేలం పెద్ద తన ఎర్రటి గోళ్లను పంచెలో దాచుకోవడం అందరూ చూశారు.

సింగన్న తన గుడారం దగ్గరికి వెళ్లి, తాను వాడుకునే మోకు తెచ్చాడు. "ఊరికే ఇస్తున్నాను. తీసుకో చెల్లీ."

చెంగల్వ తీసుకుంది. అతని ముందే బార బారా చేత్తో నిమిరి, పురి విప్పి, లాగి, వేలాడి చూసింది. సింగన్న ఓపిగ్గా నిలబడ్డాడు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

పున్నమినాడు ఆమె ఆ మోకు మీదే దిగి తేనెతో పాటు దోనయ్యకు కావలసిన వేరూ తెచ్చింది. ముసలాయన ఆ ఏడు కొండెక్కలేదు. ఇంటి అరుగు మీద కూర్చుని కషాయం కాచాడు.

పిల్లలూ, మన చేతిలోంచి జారవిడిచిన లోపం ఎవరో ఒకరి నడుముకు చుట్టుకుంటుంది. అందుకే అడిగినదానికి నిజం చెప్పడం సగం నిజాయితీ, అడగకపోయినా చెప్పడం నిండు నిజాయితీ.