ఐరావత విద్యాపీఠంలో ఖాళీ లేదు

మణిగిరి రాజు రణకేసరికి వరసలంటే మహా సరదా. గుర్రాలకు వరస పెట్టించాడు, మామిడిపళ్లకు పెట్టించాడు. రాణులకు కూడా పెట్టించబోయి, ఎందుకో మానుకున్నాడు. ఆ తర్వాత ఆయన చూపు బడుల మీద పడింది.

"రాజ్యంలోని బడులన్నిటికీ వరస కట్టండి. దసరానాటికి మొదట నిలిచిన బడిలో యువరాజును చేర్పిస్తాను. చిట్టచివరి బడిని మూయించేస్తాను" అని నిండు కొలువులో ప్రకటించాడు.

ఆ పని విద్యాధికారి కూర్మనాథ దీక్షితుల మీద పడింది. ఆయన శాలువా మీద శాలువా కప్పుకునే మనిషి. బడి గడప తొక్కితే దుమ్ము అంటుకుంటుందని ఇంట్లోనే కూర్చుని ప్రతి బడికీ ఒక తాటాకు పంపాడు. అందులో మూడు ప్రశ్నలు. చేరతామని వచ్చినవాళ్లలో ఎందరిని వెనక్కి పంపారు? పరీక్షలో ఎందరు తప్పారు? గోడ ఎత్తెంత? జవాబులు బడివాళ్లే రాసి పంపాలి. ఎక్కువమందిని కాదన్న బడి గొప్పది, ఎవరూ తప్పని బడి ఇంకా గొప్పది, గోడ ఎత్తుగా ఉంటే ఇక చెప్పేదేముంది!

ఉగాదికి తొలి పట్టిక కోటగుమ్మానికి కట్టగానే జనానికి వెర్రెత్తిపోయింది. కుర్రాడికి ఏం వచ్చని అడిగే నాథుడు లేడు. ఎన్నో బడి అన్నదే ప్రశ్న. ఏడో బడిలో చదివాడని తెలిసి ఖాయమైన సంబంధాన్ని తప్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

చిట్టచివర నిలిచింది రేవుగట్టు బడి. అక్కడి లింగమూర్తి పంతులు ఎవర్నీ కాదనడు. తక్కిన బడులు గెంటేసిన మొద్దులంతా ఆయన దగ్గరికే చేరతారు. తప్పినవాణ్ణి మళ్లీ కూర్చోబెట్టి చెబుతాడు. గోడ సంగతంటారా, దడి ఉంది.

రాజుగారికి తాంబూలం అందించే బయ్యన్నకు నాలుగక్షరాలు వచ్చింది ఆ దడి వెనకే, అదీ రెండు బడులు తరిమేశాక. కబురు తెలిసి పరుగున వెళ్లాడు.

"పంతులుగారూ, దసరాకి ఇంకో తాటాకు వస్తుంది. వందమందిని కాదన్నానని రాసేయండి. వచ్చి చూసేదెవరు?"

"కాదంటే వాళ్లెక్కడికి పోతారురా?" అన్నాడు పంతులు.

బయ్యన్నకు కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే దీక్షితుల మీద ఒళ్లు మండింది.

కోట వెనక వాడకం లేని ఏనుగులసాల ఒకటి ఉంది. మర్నాడు దాని తలుపుకి తాళం పడింది, పైన 'ఐరావత విద్యాపీఠం' అని పలక వెలసింది. పాత మావటి పోలయ్యను బయ్యన్న గుమ్మంలో కూర్చోబెట్టాడు.

"ఎవరొచ్చినా ఒకటే మాట చెప్పు. ఖాళీ లేదు!"

"లోపలంతా ఖాళీయే కదన్నా?"

"అందుకే తలుపు తీయొద్దు."

మొదటిరోజు ఇద్దరొచ్చారు, పోలయ్య పంపేశాడు. వాళ్లు పోయి పదిమందికి చెప్పారు. "మా వాణ్ణి ఐరావతంలో కాదన్నారండీ" అని చెప్పుకోవడం కూడా గొప్పయిపోయింది. సిఫారసు ఉత్తరాలతో జనం బారులు తీరారు. చివరికి దీక్షితులే మనవణ్ణి వెంటబెట్టుకొచ్చి, బాబ్బాబని పోలయ్యను బతిమాలాడు.

"ఖాళీ లేదు సామీ."

"ఆహా! ఏం నిష్ఠ! బడంటే ఇదీ!" అని దీక్షితులు మురిసిపోతూ వెళ్లాడు.

దసరా ముందు ఐరావతానికీ తాటాకు వచ్చింది, బయ్యన్నే జవాబులు రాసి పంపాడు. దసరాకి ఆఖరి పట్టిక వచ్చింది. మొదటి స్థానం ఐరావతానిదే.

మేళతాళాలతో యువరాజునూ దీక్షితులనూ కొలువునూ వెంటబెట్టుకుని రాజు బయల్దేరాడు. తాంబూలపు పెట్టె పట్టుకుని బయ్యన్న వెనకే నడిచాడు. బెడిసికొడితే పంతులి బడితోపాటు తన తలా పోతుంది.

గుమ్మంలో పోలయ్య లేచి చేతులు జోడించాడు. "ఖాళీ లేదు ప్రభూ!"

"నాకు కూడానా?" రాజు ముఖం వెలిగిపోయింది. "మొదటి బడి అనిపించుకుంది! అయినా రాజాజ్ఞ, తలుపు తియ్యి."

తలుపు తెరుచుకుంది. లోపల మాసిన గడ్డి, ఎండిన పేడ, స్తంభానికి ఒక ఇనుప గొలుసు. మనిషన్న పురుగు లేదు.

"ఎవడిదీ బడి?" రాజు గర్జించాడు.

బయ్యన్న సాష్టాంగపడ్డాడు. "నాదే ప్రభూ."

"నన్నే మోసం చేస్తావా?"

"తాటాకులో ఒక్క అబద్ధం రాసి ఉంటే నా తల తీయించండి. ఏడువందల పన్నెండుమందిని కాదన్నాను. చేరినవాడే లేడు గనక తప్పినవాడూ లేడు. గోడ ఎత్తు తమరే చూస్తున్నారు."

"మరి గురువు లేడని రాయలేదేం?"

బయ్యన్న తలెత్తాడు.

"తాటాకులో ఆ ప్రశ్న లేదు ప్రభూ!"

రాజు దీక్షితుల వైపు తిరిగాడు. దీక్షితులు శాలువాలో తల దాచుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాడు. అది చూసి రాజుకు నవ్వాగలేదు. రాజు నవ్వాక కొలువంతా నవ్వింది.

"ఆ చిట్టచివరి బడిలో గురువున్నాడా?"

"ఉన్నది ఆయనొక్కడే ప్రభూ. గోడ కట్టుకునే తీరిక ఆయనకి లేదు."

రాజు తన ముత్యాలహారం తీసి బయ్యన్న మెడలో వేశాడు. "పట్టిక చింపేయండి. యువరాజు రేపట్నుంచి రేవుగట్టుకు వెళతాడు. దీక్షితులు కూడా వెళ్లి వెనక వరసలో కూర్చుంటాడు."

అంతలో జనాన్ని తోసుకుంటూ పట్టుతలపాగా చుట్టిన వర్తకుడొకడు ముందుకొచ్చాడు. సాలంతా పరకాయించి చూసి వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, లోపల ఇంత చోటుంది కదా! ఎలాగూ మొదటి బడే. మా వాణ్ణి కాస్త చేర్పించండి!"

ఈసారి రాజు నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుని గడ్డిలో చతికిలబడ్డాడు.