పంక్తిలో చివరివాడు

పైడిరాజు మనసు కుదురులేక మందిరానికి వచ్చాడు. వారం తిరిగేసరికి అతను దేశాలన్నీ కూడే వర్తక సభలో మన దేశం తరఫున కూర్చోవాలి. అక్కడ తలూపాలో వద్దో అతనికి తేలడం లేదు.

నాగావళి ఒడ్డున ఉన్న ఆ మందిరం మా తాతలనాటి నుంచీ మా ఇంటికి గురుపీఠం. అప్పటి గురువు అప్పలదాసు గారు. సంసారి. తెల్లబట్టలే కట్టేవారు, మాట తక్కువ. పైడిరాజు చిన్నతనంలో ఆయన దగ్గరే ఓనమాలు దిద్దాడు. తర్వాత పెద్ద చదువులు చదివి, ఢిల్లీలో వాణిజ్య శాఖలో అధికారి అయ్యాడు. మా పెద్దమ్మ సూరీడమ్మ ఆ మందిరంలో వడ్డన చేసేది. ఈ సంగతి ఆవిడ నోట విన్నదే.

"ఏం నాయనా, ముఖం అలా వాడిపోయింది?" అన్నారు గురువుగారు.

"కొత్త ఒప్పందం ఒకటి వస్తోందయ్యా. సర్కారు మద్దతు ధరకు కొనే ధాన్యానికి హద్దు పెడతారట. దాటితే మనది తప్పు. కొనడం తగ్గిందంటే ఇక్కడి రైతు కళ్ళంలోనే అయినకాడికి అమ్ముకోవాలి. రేషను బియ్యానికి నిల్వ ఉండదు."

"హద్దు పెట్టేవాళ్ళు వాళ్ళ రైతులకు ఏమీ ఇవ్వరా?"

"ఇచ్చారు. ఇన్నేళ్ళూ దండిగా ఇచ్చారు. వాళ్ళ గాదెలు నిండాక ఈ రూలు రాశారు."

"మరి కాదను."

పైడిరాజు తల దించుకున్నాడు. "అక్కడ ఓట్లుండవయ్యా. ఎవరికైనా అభ్యంతరమా అని అధ్యక్షుడు అడుగుతాడు. ఎవరూ నోరెత్తకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఒక్క దేశం కాదన్నా ఆగిపోతుంది. ఆ ఒక్క దేశం మనదైతే, ప్రపంచాన్ని ఆపినవాళ్ళంటారు. పెట్టుబడులు వెనక్కిపోతాయంటారు. ఈ రోజుల్లో ఏ దేశం విడిగా బతుకుతోంది చెప్పండి? మన ఇళ్ళలో నూనె వాళ్ళది, వాళ్ళ ఆస్పత్రుల్లో మందులు మనవి. అందరూ సరేనన్నచోట మనమే బిగుసుకు కూర్చుంటే మర్యాదగా ఉంటుందా?"

గురువుగారు బయట ఎండ వైపు చూశారు. "పొద్దు నడినెత్తికొచ్చింది. భోంచేద్దాం పద," అన్నారు.

ఆ మందిరంలో పంక్తికి ఒక పద్ధతి ఉంది. ఏ కులంవాళ్ళయినా ఒకటే వరస. వరస మొదట గురువుగారు కూర్చుంటారు. చివర కూర్చున్నవాడిది కూడా తినడం అయ్యిందని చూసుకునే ఆయన లేస్తారు. ఆయన లేచారంటే ఇక ఆకు ముందు ఎవరూ ఉండకూడదు. అందరూ కలిసే బయటికి వెళ్ళి చేతులు కడుక్కోవాలి.

గురువుగారి పక్కన రైసుమిల్లు తవిటినాయుడు కూర్చున్నాడు. ఆయన తర్వాత ఊళ్ళోవాళ్ళు, పొరుగూరివాళ్ళు. పైడిరాజును మాత్రం గురువుగారు గుమ్మం దగ్గర, అందరికన్నా చివర కూర్చోమన్నారు.

వడ్డన మొదటినుంచి మొదలవుతుంది కదా. మొదటివాళ్ళు మజ్జిగలోకి వచ్చేసరికి పైడిరాజు ఆకులో అప్పుడే పప్పు పడింది. అతను కలుపుకుని, తొలి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

గురువుగారు లేచి నిలబడ్డారు.

వడ్డిస్తున్న పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆయన అలా లేవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. పక్కనే తవిటినాయుడు లేచాడు. ఆ వెనక వరసంతా లేచింది. కలిపిన అన్నం ఆకులోనే వదిలి పైడిరాజు కూడా లేచాడు.

గురువుగారు గుమ్మం దాకా వచ్చి అతని ముందు ఆగారు.

"నువ్వెందుకు లేచావు?"

"మీరు లేచారు కదయ్యా."

"నేను తిన్నాను. నువ్వు?"

పైడిరాజు తన ఆకు వైపు చూశాడు.

"కూర్చుని తిను."

"ఒకసారి లేచాక మళ్ళీ ఆ ఆకు ముందు కూర్చోకూడదంటారు."

"ఎవరంటారు?"

"పెద్దవాళ్ళు."

"వాళ్ళ కడుపు నిండాక అని ఉంటారు," అన్నారు గురువుగారు.

పైడిరాజు కూర్చున్నాడు. గురువుగారు బయటికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. దాంతో వరసంతా ఎంగిలి చేతులతో నిలబడిపోయింది.

కాసేపటికి ఎవరో గొణిగారు. "చెయ్యి ఎండిపోతంది బాబూ. బస్సు ఎలిపోద్ది."

"ఢిల్లీ బాబు కదేటి, మనం నిలబడే ఉండాల," అన్నాడు ఇంకొకడు. నలుగురు నవ్వారు.

పైడిరాజు చెవులు ఎర్రబడ్డాయి. గబగబా రెండు ముద్దలు మింగాడు. పొలమారింది. పెద్దమ్మ నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

"ఇంతమందిని నిలబెట్టి తినడం నేనెక్కడా చూళ్ళేదు," అన్నాడు తవిటినాయుడు, గురువుగారికి వినబడేలా. "మా ఇంటికి రా బాబూ, సాయంత్రం దాకా పెడతాను. ఇప్పటికి లే. ఒక్కపూట సగం తింటే చచ్చిపోవు."

పైడిరాజు ఆకు అంచు పట్టుకున్నాడు. మడవడానికే. గురువుగారి వైపు చూశాడు. ఆయన లేవమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. కళ్ళు ఎటో ఏటి వైపు ఉన్నాయి.

ఆకులో అన్నం ఇంకా వేడిగానే ఉంది.

పైడిరాజు అంచు వదిలేశాడు. నిలబడ్డవాళ్ళందరినీ ఒకసారి చూశాడు. తవిటినాయుణ్ణి కాస్త ఎక్కువసేపే చూశాడు. బాసింపట్టు సర్దుకుని, పెద్దమ్మ వైపు తిరిగాడు.

"పిన్నీ, ఇంకొంచెం అన్నం పెట్టు. కూర నాదాకా రాలేదు. అది కూడా పెట్టు."

ఆ గొంతులో కోపం లేదట, బెరుకూ లేదట. పెద్దమ్మ అన్నం గిన్నె ఎత్తుకుని వచ్చింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. బస్సు మాట ఎత్తినవాడు బయటికి ఒక అడుగు వేయబోయి, గుమ్మంలో గురువుగారు ఉండడం చూసి ఆగిపోయాడు.

గురువుగారు గుమ్మం వదిలారు. వరస వెంట నడిచి వెళ్ళి, తను లేచిన ఆకు ముందే మళ్ళీ కూర్చున్నారు. తవిటినాయుడు అటూ ఇటూ చూశాడు. పంచె సర్దుకుంటూ తనూ కూర్చున్నాడు. ఆ వెనక ఒక్కొక్కరే, గుమ్మం దాకా, అందరూ కూర్చున్నారు.

"నెమ్మదిగా వడ్డించు సూరీడమ్మా," అన్నారు గురువుగారు. "పంక్తి ఇంకా లేవలేదు."