జ్వరం లేని ఊరు

వైద్యం నేర్పే ఎల్లనాచార్యులుగారికి శిష్యుల ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. చెప్పులు తొడుక్కుని "పద" అనేవారు, అంతే. ఆ వేళ అడిగినవాడు గుండన. అతను రాజుగారి ఆరోగ్యాధికారి. ఊళ్ళో చలిజ్వరం పోయిందని కోటవాకిలికి పసుపుజెండా కట్టించిన ఘనుడు. జ్వరమున్న మనిషికి కషాయం పోస్తే జెండా దించాలని శాసనం రాసిందీ, జ్వరమున్నవాణ్ణి ఊళ్ళోకి రానివ్వొద్దన్నదీ అతనే.

"స్వామీ, ఊరి జ్వరాన్ని రూపుమాపాం. అడవిలో కోతిని కుట్టిన దోమే మనిషిని కుడితే వచ్చేది వేరే జ్వరం. దాన్ని కూడా మన నెత్తిన వేసుకోవాలా?"

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

కోటవాకిలి బయట, మిట్టమధ్యాహ్నపు ఎండలో, తేనె కొట్టేవాడొకడు కంబళి కప్పుకుని గజగజ వణుకుతున్నాడు. అతన్ని అడవి నుంచి మోసుకొచ్చిన భార్య ముత్తవ్వ కాపలావాడి కాళ్ళావేళ్ళా పడుతోంది.

"మాదీ ఈ ఊరే బాబూ! అదుగో, ఆ కనిపించేదే మా ఇల్లు. ఇంత కషాయం పోయించండయ్యా, బతుకుతాడు."

"ఇది కోతిజ్వరం తల్లీ. నేనేం చెయ్యను, పైవాళ్ళ ఆజ్ఞ" అన్నాడు వాడు. పాపం, వాడి కళ్ళలోనూ నీళ్ళే.

"మందుల కొట్టు తాళం నీ దగ్గరే ఉంది కదూ?" అన్నారు గురువుగారు గుండనతో.

గుండన చెయ్యి తాళంచెవి మీదికి వెళ్ళి ఆగింది. రెండు జ్వరాలకూ కషాయం ఒకటేనని అతనికి తెలుసు. కానీ పోస్తే ఇదీ మన జ్వరమేనని ఒప్పుకున్నట్టు. జెండా దించాలి, నిండుసభలో రాజుగారి ముందు తల దించుకోవాలి, ఉద్యోగం ఊడినా ఊడుతుంది. అటు చూశాడు, ఇటు చూశాడు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుని చివరికి మొలనున్న తాళంచెవి తీసేసరికి ముత్తవ్వ గొల్లుమంది. మనిషి పోయాడు.

పొద్దు వాలేదాకా ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. అప్పుడు కాపలావాడు వంగి, శవం నుదుటి మీద చెయ్యి వేసి చూసి, వాకిలి బార్లా తెరిచాడు.

"ఒళ్ళు చల్లబడిందమ్మా. ఇక తీసుకెళ్ళొచ్చు."

గుండన గురువుగారి కాళ్ళ మీద పడ్డాడు. "స్వామీ, వీణ్ణి నేనే చంపాను."

"అదేం మాట నాయనా?" అన్నారాయన. "జ్వరమున్నవాడెవడూ ఊళ్ళోకి రాలేదుగా."