చంకలో చెప్పులు

అనగనగా ఒక ఊళ్ళో ఒక పెద్దవీధి ఉండేది. దుప్పటి తన్నకుండా వినవే బంగారూ. ఆ వీధిలో ఊరవతల పేటవాళ్ళు చెప్పులేసుకుని నడవకూడదట. విప్పి, చంకలో పెట్టుకుని, తల వంచుకుని పోవాలట. అలా రూలు పెట్టినవాళ్ళ దుంపతెగ, ఎంత పొగరో చూడు.

పేటలో సువార్తమ్మ అని ఒకావిడ ఉండేది. ఒకరోజు చెప్పులతోనే ఆ వీధిలో నడిచింది. తిట్టారు. మర్నాడూ నడిచింది. కొట్టారు. మూడోనాడు కుంటుకుంటూ వచ్చింది, ఆవిడ వెనకాల పేటంతా వచ్చింది. అప్పుడు పోయింది ఆ దిక్కుమాలిన కట్టుబాటు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి సువార్తమ్మ కాలం చేసింది. పోయేముందు మనవరాలు కరుణ చెయ్యి పట్టుకుని, "ఆ వీధిలో మాత్రం ఎప్పుడూ చెప్పులు విప్పకే తల్లీ" అంది. పిల్ల సరేనని మాటిచ్చింది.

ఆ తర్వాత పెద్దవీధి మధ్యలోనే ఆవిడకి విగ్రహం పెట్టారు. మొదటి దండ కరుణే వెయ్యాలన్నారు. తీరా వీధి మొదట్లోకి వచ్చేసరికి దావీదు పెదనాన్న ఆపాడు.

"చెప్పులు విప్పమ్మా. అంత పెద్దావిడ దగ్గరికి చెప్పులతో వెళ్తామా?"

అప్పటికే అందరూ విప్పేశారు. పాపం, గౌరవంతోనేలే. కరుణ మాత్రం అక్కడే ఆగిపోయింది. విప్పితే నాయనమ్మకిచ్చిన మాట పోతుంది. విప్పకపోతే ఇంతమందిలో నాయనమ్మనే అవమానించినట్టవుతుంది. ఒక చెప్పు విప్పింది. మళ్ళీ తొడుక్కుంది. మళ్ళీ విప్పింది.

అప్పుడు ఏలియా తాత వచ్చాడు. ఆ మూడోనాడు సువార్తమ్మ వెనకాల నడిచినవాడే. కొత్త చెప్పులు కదా, ఎవరైనా ఎత్తుకుపోతారని భయపడి, విప్పి చంకలో పెట్టుకున్నాడు. పెట్టుకోగానే పాత అలవాటుకి తల దానంతటదే వంగిపోయింది. అలాగే వీధిలోకి నడిచాడు.

అది చూసి కరుణకి ఏడుపొచ్చేసింది. విప్పిన చెప్పు తొడుక్కుని పరుగెత్తి, తాత చంకలో చెప్పులు తీసి ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

"వేసుకో తాతా. నాయనమ్మ దెబ్బలు తిన్నది ఇందుకే కదా" అంది.

తాత ఆ పిల్ల భుజం పట్టుకుని వేసుకున్నాడు. పెదనాన్న వెనక్కెళ్ళి తన చెప్పులు వెతుక్కున్నాడు. ఆయన వెనకే అందరూ వెళ్ళి తమ చెప్పులు తొడుక్కున్నారు. వీధంతా టపటపమని చప్పుడు చేసుకుంటూ విగ్రహం దాకా నడిచారు. మొదటి దండ కరుణే వేసింది.

కథ చెప్పులేసుకుని కంచికి,
మనం తలెత్తుకుని ఇంటికి.