పొదుపయ్య దాచిన నక్షత్రం

ఎత్తయిన మంచుకొండల నడుమ తెల్లకోన అనే అడవి ఉంది. అక్కడి దేవదారు చెట్ల కింద కుందేళ్లు, ఉడతలు, కొండమేకలు, ముళ్లపందులు ఇరుగుపొరుగుగా బతుకుతుంటాయి.

ఆ అడవిలో పొదుపయ్య అనే కుందేలు ఉండేవాడు. తనది పొదుపు అని అతని నమ్మకం. అతను ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలడని చుట్టుపక్కల వాళ్ల మాట. అతని భార్య కరుణమ్మ. వాళ్లకు దూది, నురుగు అని ఇద్దరు కొడుకులు, పిసరు అనే చిన్న కూతురు. వాళ్ల బొరియలో ఒక గది నిండా క్యారెట్లే. పొదుపయ్య ఆ గదిలో పొడవాటి వెదురుకర్ర కట్టి, దానికి క్యారెట్ల గుత్తులు వేలాడదీశాడు. పొద్దున్నే లేచి వాటిని చూసుకుంటే తప్ప అతనికి మనసు కుదుటపడేది కాదు.

తెల్లకోనలో ఒక ఆచారం ఉంది. క్రిస్మస్ దగ్గర పడగానే ప్రతి ఇంటి ముందూ ఒక నక్షత్రం కడతారు. యోసేపు తాత అనే ముసలి ముళ్లపంది తన పాటల మేళంతో ఇల్లిల్లూ తిరుగుతాడు. నక్షత్రం కనబడిన చోట ఆగి పాడతారు. ఇంటివాళ్లు వాళ్లకు కడుపునిండా పెడతారు. నక్షత్రం లేకపోతే ఆ ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనుకుని, పాట ఆపేసి మెల్లగా దాటిపోతారు.

ఆ ఏడు పిల్లలు ముగ్గురూ కలిసి ఎర్రగుడ్డతో నక్షత్రం చేసి వాకిట్లో కట్టారు. దాన్ని చూసిన దగ్గర్నుంచి పొదుపయ్యకు ముద్ద దిగలేదు.

"ఆ ముళ్లపంది పాడేది గోరంత, తినేది కొండంత" అని గొణుక్కున్నాడు. ఎవరూ చూడకుండా నక్షత్రాన్ని విప్పి, క్యారెట్ల వెనకాల దాచేశాడు.

"నాన్నా, మన స్టార్ ఏది?" అని పిసరు ఏడుపు మొహం పెట్టింది.

"గాలి ఎత్తుకెళ్లిందమ్మా" అన్నాడు పొదుపయ్య. కరుణమ్మ అతని వంక అనుమానంగా ఒక చూపు చూసింది.

ఆ సాయంత్రం మంచు మొదలైంది. తెల్లారేసరికి బొరియ మొత్తం మంచు కింద కూరుకుపోయింది. పొదుపయ్య తలుపు లాగితే, బయటి మంచు బుస్సున లోపలికి జారి దారంతా నింపేసింది. తవ్విన కొద్దీ ఇంకా జారింది. పైకప్పులో గాలి కోసం పెట్టుకున్న కన్నం కూడా మూసుకుపోయింది.

తిండికి లోటు లేదు. కావలసినన్ని క్యారెట్లున్నాయి. లేనిది గాలి. మధ్యాహ్నానికి పిల్లలు ఆడటం మానేసి గోడకు ఆనుకుని కూర్చున్నారు. పిసరు తల్లి ఒళ్లో పడుకుని గబగబా ఊపిరి తీస్తోంది. క్యారెట్ ఇస్తే వద్దని తల తిప్పేసింది.

అంతలో పైనుంచి డప్పు చప్పుడు, పాట సన్నగా వినిపించాయి.

"తాత మేళం వచ్చింది!" అని దూది, నురుగు లేచి గొంతు చించుకుని అరిచారు. వాళ్ల అరుపును మంచు మింగేసింది. పాట దగ్గరికి వచ్చింది. సరిగ్గా వాళ్ల నెత్తిమీదకు రాగానే టక్కున ఆగిపోయింది. మెత్తని అడుగులు ఒక్కొక్కటే ముందుకు వెళ్లిపోయాయి.

వాకిట్లో నక్షత్రం లేకే పాట ఆగిపోయింది. పొదుపయ్య చెవులు రెండూ వాలిపోయాయి.

"నేనే చేశానే ఇదంతా" అన్నాడు భార్యతో.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?" అంది కరుణమ్మ. "కొండమేక ఇంట్లో పాడి, వాళ్లు ఇదే దారిన తిరిగొస్తారు. ఈలోపు ఆ స్టార్ పైకి పంపండి."

పొదుపయ్య పరుగున వెళ్లాడు. ప్రాణంగా చూసుకున్న గుత్తులన్నీ తన చేతులతోనే లాగి కింద పడేసి, వెదురుకర్ర ఊడదీశాడు. క్యారెట్ల వెనకనుంచి నక్షత్రం తీశాడు.

"గాలి ఎత్తుకెళ్లిందన్నావు కదా నాన్నా?" అంది పిసరు నీరసంగా.

"అబద్ధం చెప్పానమ్మా" అన్నాడు పొదుపయ్య. కూతురి మొహం చూడలేక తల దించుకున్నాడు.

నక్షత్రాన్ని మడిచి కర్ర కొసన కట్టారు. పైకప్పు కన్నంలోంచి నలుగురూ కలిసి కర్రను పైకి నెట్టారు. ఒకసారి, రెండుసార్లు... మూడోసారి కర్ర తేలిగ్గా లేచింది. చల్లగాలి జివ్వున కిందికి దిగింది. పిసరు ఆ గాలిని గుండెనిండా పీల్చి హాచ్ మని తుమ్మింది. అంత చక్కని తుమ్మును పొదుపయ్య తన జన్మలో వినలేదు.

కర్రను ఊపుతూ నిలబడ్డారు. కాసేపటికి డప్పు చప్పుడు తిరిగొచ్చింది. తెల్లటి మంచులో ఒంటరిగా ఊగుతున్న ఎర్ర నక్షత్రాన్ని చూసి మేళం ఆగింది. "ఒరేయ్, వీళ్లు మంచు కింద చిక్కుకున్నారు, తవ్వండి!" అని తాత కేక పెట్టాడు. ముళ్లపంది గోళ్లు, మేళంలోని కొండమేకల డెక్కలు కలిస్తే మంచు ఎంతసేపు ఆగుతుంది? తలుపు దగ్గర వెలుగు పడింది. పిల్లలు ఒకరి మీదొకరు పడుతూ ఎండలోకి దూకారు.

"నక్షత్రం లేకపోతే, మీకేదో కష్టం వచ్చిందేమోనని పాట ఆపాను నాయనా" అన్నాడు తాత.

"నాన్నే దాచాడు తాతా!" అంది పిసరు.

"నిజమే మామా" అన్నాడు పొదుపయ్య. "మీకు తిండి పెట్టాల్సి వస్తుందని దాచాను."

తాత ముళ్లన్నీ కదిలేలా నవ్వాడు. "మాకు పెట్టకపోతే పోనీలే. ఇంత పసిపిల్లల్ని పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా ఎలా బతుకుదామనుకున్నావయ్యా?"

పొదుపయ్య క్యారెట్ల గదిలోకి పరుగెత్తాడు. గంపలకొద్దీ తెచ్చి పోశాడు. పాటగాళ్లు పాడారు, తిన్నారు, మళ్లీ పాడారు. సాయంత్రానికి గది సగానికి పైగా ఖాళీ అయింది. పొదుపయ్య గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూశాడు. బాధేస్తుందేమో అనుకున్నాడు గానీ, వెనకాల పిల్లల గోల వింటుంటే అలాంటిదేమీ జరగలేదు.

"బతికుంటే బలుసాకు తినొచ్చు" అని తలుపు వేసేశాడు. అతనికి ఆ అవసరం కూడా రాలేదు. ఆ చలికాలమంతా ఉడతలు గింజలు, మేకలు ఎండుపళ్లు తెచ్చిపెడుతూనే ఉన్నాయి.

మంచులోంచి నెట్టినప్పుడు నక్షత్రానికి ఒక కొమ్ము వంకరపోయింది. సరిచేస్తామన్నారు పిల్లలు.

"అలాగే ఉండనివ్వండి" అన్నాడు పొదుపయ్య. క్యారెట్లు వేలాడిన ఆ వెదురుకర్రనే వాకిట్లో పాతి, దాని కొసన వంకర నక్షత్రాన్ని కట్టాడు. అడవిలో అంత ఎత్తున ఇంకే ఇంటి నక్షత్రమూ లేదు.

నీతి: నలుగురూ రాకూడదని ఇంటి గుర్తు దాచుకుంటే, ఆపదలో మనల్ని వెతికేవాళ్లకూ ఆ ఇల్లు దొరకదు.