పాయ దాటించిన పడ్డ

ఇప్పుడంటే వంతెన పడింది, మేకలు కూడా దర్జాగా నడిచిపోతున్నాయి గానీ, నా చిన్నప్పుడు గోదారి పాయ దాటి లంకలో మేయాలంటే గేదె వీపే గతి. ఎండ తాగిన నల్లటి వీపు వెచ్చగా ఉండేది. కింద నీళ్ళు గలగలమనేవి. ఆ సుఖం ఈ సిమెంటు వంతెన మీద ఎక్కడొస్తుంది? తలుచుకుంటే ఈ ముసలి మేక ప్రాణం ఉసూరుమంటుంది.

రేవుకి పెద్ద, సూరమ్మ మామ్మ. కొమ్ములరిగిన గేదె. మాట కరుకు, మనసు వెన్న. ఆవిడ పెట్టిన కట్టుబాటు అందరికీ తెలిసిందే. పడ్డ, అంటే ఇంకా ఈనని పడుచు గేదె, మొదటి ఏడాది ఉత్త వీపుతో ఈదాలి. రెండో ఏడాది ఒక్కరినే ఎక్కించుకోవాలి, అదీ పొద్దుండగానే, పెద్దగేదె పక్కనుంటేనే. మూడో ఏడాది, మామ్మ సరేనంటే, ఎందరినైనా మోయొచ్చు.

కాటుక అప్పుడు రెండో ఏటి పడ్డ. నిగనిగలాడే ఒళ్ళు, ఒంటినిండా పొగరు. మేకపిల్లలందరికీ అదంటే ప్రాణం.

"నడిపాయలోకి రాగానే నా డొక్కలో ఎందుకే మామ్మా పొడుస్తావ్?" అని రోజూ సణిగేది.

"నీ మంచికేలే, నడు" అనేది మామ్మ.

శ్రావణంలో, గోదారికి వరద మొదలైన ఓ మధ్యాహ్నం, మామ్మ గట్టు మీద కునుకు తీస్తుంటే, నక్క మావ రేవులోకి దిగాడు.

"ఏమ్మా కాటుకా, ఇంకా ఒక్కొక్కరినేనా మోయడం?"

"ఏం చేయను మావా? మామ్మ కట్టుబాటు."

"ముసలాళ్ళ చాదస్తం! తను అలిసిపోతుందని నువ్వూ అలిసిపోతావనుకుంటుంది. ఇంత ఈత వచ్చిన పడ్డని ఏడూళ్ళలో చూళ్ళేదమ్మా నేను."

కాటుక చెవులు రిక్కించింది.

"ఈ పిల్లలు ముగ్గురూ, నేనూ. ఒక్క దెబ్బకి దాటించెయ్. మామ్మ లేచి చూసి 'నువ్వు పెద్దదానివయ్యావే' అనకపోతే నా తోక కోసిస్తా. ఆలస్యం అమృతం విషం, తల్లీ!"

మాకు మాత్రం బుద్ధుందా? నేనూ, మా అన్న బుడ్డోడూ, చెల్లి మల్లీ ఎగిరి ఎక్కేశాం. వెనక నక్క మావ ఒద్దిగ్గా కూర్చున్నాడు. లంకలో అడిగే నాథుడుండడనీ, మూడు పూటల తిండి తన ముందే కూర్చుందనీ ఆయన లెక్క. అది మాకేం తెలుసు?

లోతు నీళ్ళలో కాటుక బాగానే ఈదింది. మేం కేరింతలు కొట్టాం. నడిపాయలో ఇసుకమేట ఉంది. దాని అంచున నీళ్ళు గేదె మోకాలి లోతే. చల్లటి ఇసుక కాళ్ళకి తగిలింది, పైన నలుగురి బరువు. ఎంతైనా గేదె పుట్టుక కదా, కాటుక కళ్ళు మూసుకుని హాయిగా కూలబడి ఓ పక్కకి పొర్లింది. సరిగ్గా అక్కడికి రాగానే మామ్మ పొడిచేది ఇందుకే!

నలుగురం నీళ్ళలో పడ్డాం. నక్క మావ ఎవరినీ చూడకుండా మేట మీదికి ఎగబాకాడు. నాకూ బుడ్డోడికీ కాళ్ళు అందాయి. మల్లి మాత్రం వరదలోకి జారిపోయింది. అది పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"మామ్మా!" అని అరిచింది కాటుక.

ఆ అరుపుకి మామ్మ గట్టు మీంచి దూకింది. ఆ ముసలి ఒంట్లో అంత వేగం ఎక్కడ దాగుందో! వరదకి అడ్డం పోయి, మల్లిని మెడ మీదికి ఎత్తుకుని మేట దగ్గరికి తెచ్చింది. కాటుక వలవలా ఏడ్చింది.

"ఏడుపు ఇంటికెళ్ళాక. లే. ఒక్కరిని ఎక్కించుకో, నేను పక్కనుంటా" అంది మామ్మ. నన్ను మల్లి వెనక ఎక్కించుకుంది. బుడ్డోడు కాటుక వీపెక్కాడు.

మేట చుట్టూ నీళ్ళు పెరుగుతున్నాయి. నక్కకి ఈత వచ్చుగానీ ఆ వరదలో దిగే దమ్ము లేదు.

"అమ్మా కాటుకా, మరి నేనో?"

కాటుక మామ్మ వైపు చూసింది. మామ్మ అప్పటికే గట్టు వైపు తిరిగింది.

"నాది రెండో ఏడే కదా మావా" అంది కాటుక, ముక్కు ఎగబీల్చుకుంటూ. "ఒక్కరినే మోయాలి. బుడ్డోడు ఎక్కేశాడు."

"మళ్ళీ రావమ్మా!"

"వచ్చేసరికి పొద్దు వాలుతుంది. పొద్దు వాలితే పడ్డ బరువెత్తకూడదు. వచ్చే ఏడాది కనపడు!"

వరద తీసేదాకా పది రోజులు, మావ ఆ మేట నెత్తి మీద పీతలు ఏరుకుని బతికాడు. లంక కళ్ళెదుటే ఉన్నా, నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరమైపోయింది.

మల్లి ఆ తర్వాత నీళ్ళ దగ్గరికే వచ్చేది కాదు. కాటుక ఇంకెవరినీ ఎక్కించుకోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి ఒడ్డున మోకాళ్ళు మడిచి కూర్చునేది. "ఎక్కకపోయినా పర్లేదే, ఊరికే పక్కన కూర్చో" అనేది. దసరా నాటికి మల్లి ఎక్కింది. ఆ రోజు కాటుక పాయ దాటినంతసేపూ అడుగడుగూ చూసుకుని కదిలింది.

ఈదడం ఒక విద్య, ఒకరిని దాటించడం ఇంకో విద్య. రెండోది తొందరపడితే రాదు.